ఇస్లాంలో విగ్రహారాధన, దైవభక్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

విగ్రహాల గురించి ఇస్లాం ఏమంటుందనే ప్రశ్న మన ఊళ్ళలో రెండు వైపుల నుంచీ వస్తుంది. హిందూ, క్రైస్తవ మిత్రులు కుతూహలంతో అడుగుతారు. ముస్లిం ఇళ్ళలో పిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు ఇంకాస్త గట్టిగా అడుగుతారు. అడిగినవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఖుర్ఆన్ వాక్యాల భావం నా మాటల్లో ఇచ్చి, అధ్యాయం, వాక్యం అంకెలు పక్కన పెట్టాను. పండితుల మధ్య తేడాలున్న చోట ఆ సంగతి చెప్పాను. నా మొగ్గు ఎటువైపో కూడా దాచలేదు.

## మొదట్లో వచ్చే సందేహాలు

అల్లాహ్ అంటే ముస్లింల దేవుడా?

కాదు. ముస్లింల విశ్వాసంలో ఆయన అందరినీ పుట్టించినవాడు. నమ్మినవాళ్ళకూ నమ్మనివాళ్ళకూ గాలి, నీళ్ళు, అన్నం ఇచ్చేది ఆయనే. అరబ్బు దేశాల్లోని క్రైస్తవులు కూడా తమ ప్రార్థనల్లో దేవుణ్ణి అల్లాహ్ అనే పిలుస్తారు. ఖుర్ఆన్ 112వ అధ్యాయంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. ఆయన ఒక్కడే. ఆయనకు ఎవరి అవసరమూ లేదు, అందరికీ ఆయనే ఆధారం. ఆయనకు సంతానం లేదు, ఆయన ఎవరి సంతానమూ కాదు. ఆయనకు సాటి ఎవరూ లేరు. ముస్లిం పిల్లలకు మొట్టమొదట కంఠతా పట్టించే అధ్యాయాల్లో ఇదొకటి.

షిర్క్ అంటే విగ్రహానికి మొక్కడమేనా?

అది షిర్క్‌లో ఒక రకం మాత్రమే. దేవుడికి మాత్రమే చెందాల్సినదాన్ని ఇంకొకరికి ఇవ్వడాన్ని షిర్క్ అంటారు. సజ్దా (నేలకు నుదురు ఆనించి మొక్కడం), మొక్కుబడి, బలి, కష్టకాలంలో చేసే వేడుకోలు, ‘నా మంచిచెడ్డలు ఇతని చేతిలో ఉన్నాయి’ అనే భయం ఇవన్నీ అలా దేవుడికే చెందాల్సినవి. ఆ ఇంకొకరు రాయి కావచ్చు, గ్రహం కావచ్చు, దైవదూత కావచ్చు, ప్రవక్త కావచ్చు, సమాధిలో ఉన్న వలీ (పుణ్యపురుషుడు) కావచ్చు. మనసులో పుట్టిన కోరికనే దేవుడిగా చేసుకున్నవాడి గురించి కూడా ఖుర్ఆన్ మాట్లాడుతుంది (25:43). అంటే ఇంట్లో ఒక్క బొమ్మ లేకపోయినా మనిషి షిర్క్‌లో ఉండే వీలుంది. షిర్క్ అనగానే పక్కింటి పూజగది వైపు వేలు చూపించే మన ముస్లింలు ఈ సంగతి మర్చిపోతుంటారు.

దేవుడు అంతటా ఉన్నప్పుడు రాతిలో మాత్రం ఎందుకు ఉండడు?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, మంచి ప్రశ్న కూడా. దేవుడి జ్ఞానం, శక్తి చేరని చోటు లేదని ఇస్లాం అంటుంది. ఎటు తిరిగినా ఆయన సన్నిధే (2:115). మెడలోని రక్తనాళం కంటే ఆయన మనిషికి దగ్గర (50:16). కానీ సృష్టి ఆయన చేసింది మాత్రమే, ఆయనలో భాగం కాదు. ఆయనను పోలినది ఏదీ లేదు (42:11). రాయి ఆయన చేతి పని, కొండా అంతే, మనిషీ అంతే. పనితనం చూసి చేసినవాణ్ణి తలచుకోవచ్చు కానీ, చేసిన వస్తువునే ఆయనగా తీసుకోకూడదని ఇస్లాం గీత గీస్తుంది.

అద్వైత భావనతో పెరిగినవారికి ఈ గీత అనవసరంగా అనిపించవచ్చు. రెండు ఆలోచనలు మొదలయ్యే చోటే వేరు, కాబట్టి ఒక్క వాదనతో తేలే విషయం కాదిది. సూఫీల్లో ఇబ్న్ అరబీ (1165–1240) లాంటివారు ఈ గీత దగ్గరగా నిలబడి మాట్లాడారు. వారి మాటల మీద ముస్లిం పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇంకొకరికి మొక్కితే దేవుడికి అంత కోపం ఎందుకు? ఆయనకేం తగ్గిపోతుంది?

ఏమీ తగ్గదు. ‘ముస్లిం’ అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల వివరాల) గ్రంథంలో ఉన్న ఒక దైవవాక్కు ప్రకారం, మొదటి మనిషి నుంచి చివరి మనిషి దాకా అందరూ పరమ భక్తులైపోయినా ఆయన రాజ్యం పెరగదు, అందరూ పరమ దుర్మార్గులైనా తరగదు. నష్టమంతా మనిషికే. తనలాగే పుట్టి, తనలాగే గిట్టే వాటి ముందు అతను తల వంచుతాడు. ఆ తల వంపును అడ్డం పెట్టుకుని రాజులు, మఠాధిపతులు, బాబాలు అతని మీద పెత్తనం చేస్తారు. ఈజిప్టు రాజు ఫిరౌను ‘మీ మహోన్నత ప్రభువును నేనే’ అన్నాడని ఖుర్ఆన్ చెబుతుంది (79:24).

షిర్క్‌కు క్షమాపణే లేదంటారు, నిజమేనా?

షిర్క్‌లోనే ఉండి, మనసు మార్చుకోకుండా చనిపోయినవారి గురించిన మాట అది (4:48). బతికుండగా పశ్చాత్తాపపడి మళ్ళినవారికి తలుపు తెరిచే ఉంటుంది. దేవుడి కారుణ్యం మీద ఆశ వదులుకోవద్దని 39:53 చెబుతుంది. ప్రవక్త ముహమ్మద్ (స: ఆయనకు శాంతి కలగాలనే దీవెనకు గుర్తు) సహచరుల్లో చాలామంది పుట్టి పెరిగింది విగ్రహారాధనలోనే. ఉమర్, ఖాలిద్ బిన్ వలీద్, ప్రవక్తను గట్టిగా ఎదిరించిన అబూ జహల్ కొడుకు ఇక్రిమా అందరూ అలా వచ్చినవారే.

## మక్కా, కాబా, చరిత్ర

మక్కావాళ్ళకు అల్లాహ్ తెలియదా? ముహమ్మద్ (స) కొత్త దేవుణ్ణి తెచ్చారా?

తెలుసు. భూమ్యాకాశాలను ఎవరు పుట్టించారని అడిగితే వాళ్ళు అల్లాహ్ అనే అంటారని ఖుర్ఆనే ఒప్పుకుంటుంది (29:61, 31:25). ప్రవక్త తండ్రి పేరే అబ్దుల్లాహ్, అంటే అల్లాహ్ దాసుడు. కొడుకు పుట్టకముందే పోయిన ఆయనకు ఇస్లాం సందేశం తెలియనే తెలియదు.

అయినా మక్కాలో హుబల్ విగ్రహం ఉండేది. తాయిఫ్‌లో లాత్, నఖ్లాలో ఉజ్జా, మదీనా దారిలో ఖుదైద్ దగ్గర మనాత్ ఉండేవి. ఈ ముగ్గురినీ అల్లాహ్ కూతుళ్ళనేవారు. వాళ్ళ సమర్థన ఖుర్ఆన్‌లోనే ఉంది: ‘మమ్మల్ని అల్లాహ్‌కు దగ్గర చేస్తారనే వీళ్ళను పూజిస్తున్నాం’ (39:3). ఇంకో చిత్రం కూడా ఉంది. సముద్రం మీద తుఫానులో చిక్కుకుంటే ఇవేవీ గుర్తుకురావు, ఒక్క అల్లాహ్‌నే పిలుస్తారు. ఒడ్డు చేరగానే మళ్ళీ మామూలే (29:65).

కాబట్టి అక్కడి తగాదా దేవుడు ఉన్నాడా లేడా అన్నది కాదు. ఆరాధన ఎవరికి చెందాలన్నది. పైగా మక్కాలోని ఖురైష్ తెగ పరపతి, యాత్రికుల వల్ల వచ్చే వ్యాపారం కాబాతో ముడిపడి ఉన్నాయి. ఒక్కడే దేవుడు, ఆయన ముందు బానిసా యజమానీ సమానం అన్న మాట వాళ్ళ పెట్టె మీదా, పెద్దరికం మీదా దెబ్బ కొట్టింది.

విగ్రహాలు ఎలా మొదలయ్యాయని ఇస్లాం అంటుంది?

నూహ్ ప్రవక్త కాలంలో వద్ద్, సువాఅ, యగూస్, యఊఖ్, నస్ర్ అనే ఐదుగురిని జనం పూజించేవారు (71:23). వీళ్ళు నిజానికి మంచి మనుషులని ప్రవక్త బంధువు, సహచరుడు అయిన ఇబ్న్ అబ్బాస్ వివరించారు. వాళ్ళు పోయాక గుర్తుగా ప్రతిమలు పెట్టుకున్నారు. పెట్టినవాళ్ళు పోయి, ఎందుకు పెట్టారో తెలియని తరం వచ్చాక అవే దేవుళ్ళయ్యాయి. సమాధుల విషయంలో, మహనీయుల చిత్రాల విషయంలో ఇస్లామీయ పండితుల జాగ్రత్త అంతా ఈ కథనం నుంచి వచ్చిందే. జ్ఞాపకం తప్పు కాదు, అది ఎప్పుడు పూజగా మారుతుందో మనకు తెలియకపోవడమే వారి భయం.

ఇబ్రాహీం ప్రవక్త విగ్రహాలు పగలగొట్టాడు కదా, ముస్లింలు కూడా అలా చేయాలా?

చేయకూడదు. ఇబ్రాహీం తన సొంత జాతితో వాదించి, వాళ్ళను ఆలోచింపజేయడానికి అలా చేశారు. చిన్నవి పగలగొట్టి పెద్దదాన్ని వదిలేసి, ‘దాన్నే అడగండి’ అన్నారు (21:58–63). ముహమ్మద్ (స) మక్కాలో 13 ఏళ్ళు ప్రచారం చేశారు. కాబా చుట్టూ విగ్రహాలున్నా అక్కడే నమాజు చేశారు తప్ప వాటిని ముట్టుకోలేదు. 629లో మక్కావాళ్ళతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉమ్రాకు (కాబా యాత్రకు) వచ్చినప్పుడు కూడా అవి అక్కడే ఉన్నాయి. 630లో నగరం చేతికి వచ్చాక కాబా చుట్టూ ఉన్న 360 విగ్రహాలను తొలగించారు. అది ఒకే దేవుడి కోసం ఇబ్రాహీం కట్టిన ఇల్లు అన్నది దానికి కారణం.

ఇతరుల దేవుళ్ళను తిట్టవద్దని ముస్లింలకు నేరుగా ఆజ్ఞ ఉంది (6:108). తిట్టడానికే అనుమతి లేనప్పుడు పగలగొట్టే మాట ఎక్కడిది? 2001లో తాలిబాన్లు బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చే ముందు ముస్లిం పండితుల బృందం కాందహార్ వెళ్ళి వద్దని చెప్పింది. వాళ్ళు వినలేదు.

కాబా వైపు తిరిగి మొక్కడం కూడా విగ్రహారాధనే కదా?

కాబా ఒక దిక్కు. కోట్లమంది ఒకే వరసలో నిలబడడానికి ఒక గుర్తు. మదీనాకు వలస వచ్చాక 16, 17 నెలలు ముస్లింలు జెరూసలేం వైపు తిరిగే నమాజు చేశారు, 624లో దిక్కు మారింది. తూర్పుకో పడమరకో ముఖం తిప్పడం పుణ్యం కాదని ఆ సందర్భంలోనే ఖుర్ఆన్ చెప్పింది (2:177). దిక్కు తెలియని ప్రయాణికుడు తనకు తోచిన వైపు తిరిగి చేసినా నమాజు చెల్లుతుంది. కాబా లోపల నమాజు చేసేవారు ఏ గోడ వైపైనా తిరగవచ్చు. లోపల మూడు స్తంభాలు, వేలాడే దీపాలు ఉంటాయి, ప్రతిమ ఏదీ ఉండదు.

మక్కా చేతికి వచ్చిన రోజున, ఒకప్పుడు బానిసగా ఉన్న బిలాల్ కాబా కప్పు మీదికెక్కి అజాన్ (నమాజు పిలుపు) ఇచ్చారు. ఎవరూ తాను పూజించే దేవుడి మీద కాలు పెట్టి నిలబడరు. కాబాను ఆయన ఏ దృష్టితో చూశారో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

మరి నల్లరాతిని ముద్దు పెట్టుకోవడం ఏమిటి?

రెండో ఖలీఫా ఉమర్ ఆ రాతి ముందు నిలబడి పైకే అన్నారు: ‘నువ్వు రాయివని నాకు తెలుసు. మేలూ చేయలేవు, కీడూ చేయలేవు. ప్రవక్త ముద్దు పెట్టుకోవడం చూడకపోతే నేనూ పెట్టుకునేవాణ్ణి కాదు.’ ఇది బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ముద్దు తప్పనిసరి కాదు, దూరం నుంచి చేత్తో సైగ చేసినా చాలు. 930లో ఖర్మతీలనే తిరుగుబాటుదారులు ఆ రాతిని ఎత్తుకుపోయారు. తిరిగి రావడానికి 20 ఏళ్ళకు పైగా పట్టింది. ఆ కాలమంతా ముస్లింలు అదే కాబా వైపు తిరిగి నమాజు చేశారు, రాయి లేదని ఎవరి నమాజూ ఆగలేదు. ఆ రాతిని ఎవరైనా ‘పిల్లల్నివ్వు’ అని అడిగితే మాత్రం అది షిర్కే.

## ఆరాధన, దువా (వేడుకోలు)

ముస్లింలు ప్రవక్త ముహమ్మద్‌ను (స) పూజిస్తారా?

లేదు. ‘నేను మీలాంటి మనిషినే’ అని చెప్పమని ఖుర్ఆన్ ఆయనకే ఆజ్ఞ ఇచ్చింది (18:110). ఆయన పసికొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త ఇంట చావు వల్లే సూర్యుడు మసకబారాడని జనం అనుకున్నారు. పేరు పెంచుకోవాలనుకునేవాడికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. ఆయన మాత్రం ‘సూర్యచంద్రులు దేవుడి సూచనలు, ఎవరి చావుకో పుట్టుకకో వాటికి గ్రహణం పట్టదు’ అన్నారు.

632లో ఆయన కన్నుమూసినప్పుడు ఉమర్ అంతటివాడు నమ్మలేకపోయారు. అప్పుడు ప్రవక్త సన్నిహిత సహచరుడు అబూబకర్ ముందుకొచ్చి, ‘ముహమ్మద్‌ను పూజించేవారుంటే ఆయన చనిపోయారు, అల్లాహ్‌ను పూజించేవారుంటే ఆయన సజీవుడు, ఆయనకు చావు లేదు’ అన్నారు. ముస్లింలు చదివే దరూద్ ప్రవక్తను వేడుకోవడం కాదు, ప్రవక్త కోసం అల్లాహ్‌ను వేడుకోవడం. ఆయన చిత్రాలు గీయడాన్ని పండితులు వద్దన్నది కూడా, నాలుగు తరాలు పోయాక ఆ చిత్రాలకు దండలు పడతాయనే.

కలెక్టర్‌ను కలవాలన్నా మధ్యలో బంట్రోతు ఉండాలి. దేవుణ్ణి నేరుగా అడగడానికి మనమెంత?

మధ్యవర్తి ఎందుకు కావాల్సి వస్తుందో చూడండి. కలెక్టర్‌కు మనమెవరో తెలియదు. ఒకేసారి వెయ్యిమంది మాట వినలేడు. తెలిసినవాళ్ళు చెబితే మెత్తబడతాడు. దేవుడికి ఈ మూడింటిలో ఏ లోటు ఉంది?

ఖుర్ఆన్‌లో జనం ప్రవక్తను ఏదైనా అడిగినప్పుడు జవాబు సాధారణంగా ‘వాళ్ళకు ఇలా చెప్పు’ అని మొదలవుతుంది. దేవుడి గురించి అడిగిన చోట మాత్రం ‘చెప్పు’ అన్న మాట లేదు, ‘నేను దగ్గరే ఉన్నాను, పిలిచినవాడి పిలుపుకు బదులిస్తాను’ అని నేరుగా వస్తుంది (2:186). వ్యాఖ్యాతలు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుచేస్తారు. బతికున్న మంచి మనిషిని ‘నా కోసం దువా చేయండి’ అని అడగడంలో తప్పులేదు. కరువు వచ్చినప్పుడు ఉమర్, ప్రవక్త బాబాయి అబ్బాస్ చేత వాన కోసం దువా చేయించారు.

దువా అరబీలోనే చేయాలా?

అవసరం లేదు. నమాజులో చదివేవి అరబీలో ఉంటాయి. విడిగా చేసుకునే దువా తెలుగులో చేసుకోండి. వచ్చీరాని అరబీలో అర్థం తెలియకుండా వల్లించేకంటే, కడుపులో బాధ అమ్మభాషలో చెప్పుకోవడం మేలు.

ఇస్లాంలో భక్తి అంటే భయమేనా? ప్రేమ ఉండదా?

ప్రేమే ముందు. విశ్వాసులు అందరికంటే గాఢంగా అల్లాహ్‌ను ప్రేమిస్తారని 2:165 అంటుంది. ఆయన పేర్లలో ఒకటి వదూద్, అమితంగా ప్రేమించేవాడు (85:14). ఒక యుద్ధం తర్వాత బందీల్లో ఒక తల్లి తప్పిపోయిన బిడ్డ దొరకగానే గుండెకు హత్తుకుని పాలిచ్చింది. అది చూసి ప్రవక్త, ‘ఈమె ఈ బిడ్డను మంటల్లో వేస్తుందా?’ అని అడిగారు. వేయదన్నారు. ‘తన దాసుల మీద అల్లాహ్‌కు ఈమె కంటే ఎక్కువ దయ’ అన్నారు.

బస్రా నగరంలో 8వ శతాబ్దంలో జీవించిన రాబియా పేరుతో ఒక ప్రార్థన ప్రచారంలో ఉంది. నరకం భయంతో మొక్కితే నరకంలో వేయి, స్వర్గం ఆశతో మొక్కితే స్వర్గం దూరం చేయి, నీ కోసమే మొక్కితే నీ దర్శనం దూరం చేయకు అన్నది దాని సారం. భయం కూడా ఉండాలి, కాకపోతే మన ప్రసంగాల్లో దాని పాలు కొంచెం ఎక్కువైందని నాకనిపిస్తుంది.

బక్రీదు ఖుర్బానీ దేవుడికి నైవేద్యమా?

కాదు. ‘వాటి మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవు, చేరేది మీ భయభక్తులే’ (22:37). మాంసం ఇంటివాళ్ళకు, బంధువులకు, పేదలకు.

ఇంట్లో ఫొటోలు, పిల్లలకు బొమ్మలు ఉండకూడదా?

పూజ కోసం చేసినవి కూడదన్న దాంట్లో తేడా లేదు. ఫొటో విషయంలో నేటి పండితులు చాలామంది సడలింపు ఇచ్చారు, కొందరు అవసరానికి మాత్రమే అంటారు. ప్రవక్త భార్య ఆయిషా చిన్నతనంలో బొమ్మలతో ఆడుకున్నారని బుఖారీలో ఉంది కాబట్టి పిల్లల బొమ్మల గురించి టెన్షన్ పడనక్కర్లేదు. గోడకు పెద్దల ఫొటో పెట్టి దండ వేసి అగరొత్తులు వెలిగించడం దగ్గర ఆగిపోవాలి.

## దర్గాలు, పీర్లు, తాయెత్తులు

దర్గాకు వెళితే షిర్కా?

వెళ్ళడం షిర్క్ కాదు. అక్కడ ఏం చేస్తున్నామన్నదే అసలు విషయం. సమాధులను చూడండి, పరలోకం గుర్తుకొస్తుందని ప్రవక్తే చెప్పారు. కడప పెద్ద దర్గా కావచ్చు, హైదరాబాద్ నాంపల్లిలోని యూసుఫైన్ దర్గా కావచ్చు, వెళ్ళి సలాం చెప్పి, ఆ వలీ కోసం అల్లాహ్‌ను వేడుకోవడంలో ఇబ్బంది లేదు. ‘ఈ వలీ మీద నీకున్న ప్రేమను బట్టి నా మొర విను’ అని అల్లాహ్‌నే అడగడం దగ్గర పండితులు విడిపోతారు. సున్నీల్లో బరేల్వీ వర్గంవారు అంగీకరిస్తారు, అహ్లె హదీస్ వర్గంవారు వద్దంటారు. వలీనే పిలిచి ‘నాకు కొడుకునివ్వు’ అని అడగడం వేరే మెట్టు. ఇవ్వడం దేవుడి పని, అది ఇంకొకరికి అప్పగించడమే షిర్క్. నా మొగ్గు చివరి రెండింటికీ దూరంగా ఉండడమే.

సమాధికి సజ్దా విషయంలో మాత్రం గొడవే లేదు. దర్గాలను గట్టిగా సమర్థించే బరేల్వీ సంప్రదాయానికి పెద్ద అయిన అహ్మద్ రజా ఖాన్ (1856–1921) సైతం, గౌరవం కోసమైనా సరే దేవుడికి తప్ప ఎవరికీ సజ్దా చేయకూడదని ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. సమాధి ముందు నేల మీద నుదురు ఆనించేవాళ్ళు ఏ బడిలో నేర్చుకున్నారో గానీ, ఆయన బడిలో మాత్రం కాదు.

పీర్ల పండుగ, రొట్టెల పండుగ ఇస్లాంలోవేనా?

పీర్ల పండుగ వెనుక ఉన్న సంఘటన ఇస్లాం చరిత్రే. ప్రవక్త మనవడు ఇమాం హుసేన్ 680లో కర్బలాలో అమరుడయ్యారు. షియాలకు అలం ఆయన జెండాకు గుర్తు, పూజా వస్తువు కాదని వారి వివరణ. తెలుగు పల్లెల్లో అది వేరే రూపం తీసుకుంది. పీర్లకు మొక్కులు, అలాయి గుండం చుట్టూ ఆటలు, పూనకాలు వచ్చాయి. అనంతపురం వైపు గూగూడు కుళ్ళాయప్ప దగ్గరికి మతంతో పనిలేకుండా జనం వెళతారు. నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె అంటూ మార్చుకుంటారు.

సున్నీ పండితుల్లో ఎక్కువమంది ఈ మొక్కులను ఒప్పుకోరు. పీరు గానీ రొట్టె గానీ కోరిక తీర్చదు, మొక్కు అల్లాహ్‌కే చెందాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒక ఊరంతా కలిసి పీరు ఎత్తుకునే స్నేహం తేలిగ్గా దొరికేది కాదు. మొక్కు వద్దని మన పిల్లలకు చెప్పుకోవచ్చు, అందుకోసం ఊరి మీద పడి పోట్లాడనక్కర్లేదు.

తాయెత్తు, 786, దిష్టి నిమ్మకాయ?

తాయెత్తు కట్టుకున్నవాడు షిర్క్ చేశాడని హదీసు ఉంది. లోపల ఖుర్ఆన్ వాక్యాలే ఉంటే ఫరవాలేదని కొందరు పండితులన్నారు, అప్పుడూ వద్దని మరికొందరు. నమ్మకం తాయెత్తు మీదికి జారే ప్రమాదం ఉంది కాబట్టి నా ఓటు రెండోవారికే. 786 అన్నది ‘బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం’ అనే వాక్యంలోని అక్షరాలకు లెక్కగట్టిన సంఖ్య. ప్రవక్త కాలంలో అది ఆచారం కాదు. నిమ్మకాయలు, మిరపకాయలు వంటకు పనికొస్తాయి.

## ఇరుగుపొరుగుతో

విగ్రహారాధకులను ఎక్కడ కనిపిస్తే అక్కడ చంపమని ఖుర్ఆన్‌లో ఉందట?

9:5ను ఒంటరిగా కత్తిరించి చూపిస్తారు. ముందు వాక్యం చదవండి: ఒప్పందం నిలబెట్టుకున్న బహుదైవారాధకులకు మీ మాట నిలబెట్టుకోండి (9:4). తర్వాతి వాక్యం చదవండి: వాళ్ళలో ఎవరైనా ఆశ్రయం కోరితే ఇవ్వండి, క్షేమంగా ఉండే చోటికి చేర్చండి (9:6). ఒప్పందం తెంచుకుని యుద్ధానికి దిగిన ఆనాటి అరబ్బు తెగల గురించిన మాటలివి. పక్కింటివారి గురించి కావు.

మరి వాళ్ళతో ఎలా ఉండమంటుంది?

మీతో యుద్ధం చేయనివారితో, మిమ్మల్ని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టనివారితో మంచిగా, న్యాయంగా ఉండండి (60:8). అబూబకర్ కూతురు అస్మా దగ్గరికి విగ్రహారాధకురాలైన తల్లి వస్తే, ఆమెను ఆదరించమని ప్రవక్త చెప్పారు. ప్రాణభయంతో మదీనాకు వెళ్ళేటప్పుడు ఆయనకు దారి చూపించిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ విగ్రహారాధకుడే. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారు ముఖ్యంగా 31:15 చదవాలి. షిర్క్ చేయమని అమ్మానాన్నలు ఒత్తిడి చేస్తే ఆ ఒక్క మాట వినొద్దు, కానీ వాళ్ళతో మర్యాదగా మసలుకో అని ఉంది. కొత్త ఉత్సాహంలో ఇంట్లో పటాలు తీసి బయట పెట్టి తల్లిని ఏడిపించడం దీనుకు (మతానికి) సేవ కాదు.

ప్రసాదం ఇస్తే ఎందుకు తీసుకోరు? మా మీద చిన్నచూపా?

చిన్నచూపు కాదు. అల్లాహ్ పేరు కాక వేరొకరికి అంకితం చేసినది తినవద్దని ఖుర్ఆన్‌లో ఉంది (2:173). ఆ మాట ముఖ్యంగా కోసిన జంతువుల గురించి. నైవేద్యానికి కూడా అది వర్తిస్తుందని చాలామంది పండితులంటారు. పండుగకు పంచే మామూలు మిఠాయిలు, భోజనం (మాంసం కాకుండా) తీసుకోవచ్చని ఎక్కువమంది మాట. ముస్లింలకు నా సలహా: ముఖం చిట్లించకండి, ‘అన్నా, మాకు ఇది కుదరదు, ఏమీ అనుకోవద్దు’ అనండి, చాలు.

నమస్కారం పెట్టవచ్చా? పెద్దల కాళ్ళకు దండం?

నమస్కారం మన దగ్గర పలకరింపుగా స్థిరపడింది, అలా పలకడంలో నాకు తప్పు కనిపించదు. చేతులు జోడించకుండా మాటతో సరిపెట్టేవారూ ఉన్నారు. కాళ్ళ మీద పడడం వేరు. ముఆజ్ అనే సహచరుడు సిరియాలో చూసి వచ్చిన అలవాటు కొద్దీ సజ్దా చేయబోతే ప్రవక్త తనకే వద్దన్నారు.

## కంటికి కనిపించని షిర్క్

రియా అంటే ఏమిటి? అది కూడా షిర్కేనా?

నలుగురూ చూడాలని చేసే భక్తి రియా. మీ విషయంలో నేను ఎక్కువగా భయపడేది చిన్న షిర్క్ గురించి అని ప్రవక్త అన్నారు. అదేమిటని అడిగితే రియా అని చెప్పారు. సహచరుల ముందు విగ్రహాల భయం కంటే దీన్ని ఎక్కువగా చెప్పడం గమనించండి. జనం చూడాలని నమాజు చేసేవారి గురించి ఖుర్ఆన్ మాట కఠినంగా ఉంటుంది (107:4–6). తీర్పు రోజున మొదట నరకానికి లాక్కెళ్ళే ముగ్గురిలో ఒక అమరవీరుడు, ఒక పండితుడు, ఒక దాత ఉంటారని హదీసు. ముగ్గురూ పేరు కోసమే చేశారు, పేరు లోకంలోనే వచ్చేసింది, ఇక ఇక్కడ ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు దీనికి సెల్‌ఫోన్ తోడైంది. కాబా ముందు సెల్ఫీ, దుప్పటి అందుకుంటున్న ముసలమ్మ ముఖం కనిపించేలా ఫొటో, ఇఫ్తార్ విందు ఫ్లెక్సీ మీద మన నవ్వు. నలుగురికీ స్ఫూర్తి కోసమని చెప్పుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. ఫొటో ఎవరూ చూడకపోయినా ఆ పని అంతే సంతోషంగా చేసేవాళ్ళమా అని మనల్ని మనం అడిగితే తేడా తెలుస్తుంది. రియా భయంతో మంచిపని మానేయడం కూడా పొరపాటే, చేస్తూనే మనసును సరిచేసుకోవాలి.

హీరోలు, నాయకులు, బాబాలు, డబ్బు… వీటి పిచ్చి కూడా షిర్కేనా?

అభిమానం షిర్క్ కాదు. కటౌట్‌కు పాలాభిషేకం చేసి హారతి పట్టడం దాకా వెళితే అది ఆరాధన రూపమే, అందులో మన ముస్లిం కుర్రాళ్ళు కనిపించడం కొత్తేమీ కాదు. దీనార్‌కు, దిర్హంకు దాసుడైనవాడు నాశనమయ్యాడని బుఖారీలో ఉంది. పండితులను, సన్యాసులను ప్రభువులుగా చేసుకున్నారన్న 9:31 విని, క్రైస్తవుడిగా ఉండి వచ్చిన అదీ బిన్ హాతిం ‘వాళ్ళను మేం పూజించలేదే’ అన్నారు. వాళ్ళు హరాం (నిషిద్ధం) అంటే హరాం, హలాల్ (అనుమతి ఉన్నది) అంటే హలాల్ అని కళ్ళు మూసుకుని ఒప్పుకోవడమే పూజ అని ప్రవక్త బదులిచ్చారు. యూట్యూబ్ వక్తల వెంట నడిచే మనకు ఇది బాగా తగులుతుంది.

డాక్టర్ దగ్గరికి వెళితే అల్లాహ్ మీద నమ్మకం తగ్గినట్టా?

కాదు. వైద్యం చేయించుకోమని ప్రవక్తే చెప్పారు. ఒంటెను కట్టేసి అప్పుడు అల్లాహ్ మీద భారం వేయమన్నారు. మందు కారణం, నయం చేసేది ఆయన. ఇంతే తేడా.

నమాజులో మనసు నిలవడం లేదు. ఎదురుగా రూపం లేకపోవడం వల్లేనా?

రూపం ఉంటే నిలుస్తుందన్న గ్యారంటీ లేదు. గీతలున్న శాలువా కప్పుకుని నమాజు చేసిన ప్రవక్త, ఆ గీతలు తన మనసు లాగాయని దాన్ని తిరిగి పంపేశారు. చూపు సజ్దా చేసే చోట పెట్టండి. అల్లాహ్‌ను చూస్తున్నట్టే ఆరాధించు, నువ్వు ఆయనను చూడకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడన్నది ప్రవక్త నేర్పిన పద్ధతి. అంటే ఊహలో బొమ్మ గీసుకోమని కాదు, ఆయన చూపు మన మీద ఉందన్న ఎరుకతో నిలబడమని. మనసు పక్కకు పోవడం సహజం, పోయిందని తెలియగానే వెనక్కి తెచ్చుకోవడమే పని.

చాలామందికి అసలు అడ్డంకి రూపం లేకపోవడం కాదు, చదువుతున్నదేమిటో తెలియకపోవడం. ఐదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) నమాజుల్లో 17 రకాతులు (విడతలు) ఉన్నాయి, ప్రతి రకాతులోనూ ఖుర్ఆన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా వస్తుంది. ముందు ఆ ఏడు వాక్యాలకు తెలుగు అర్థం నేర్చుకుని, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఆగి చదవండి. రుకూ (నడుం వంచి నిలబడడం), సజ్దాల్లో చెప్పే మాటల అర్థం ఆ తర్వాతి వారం మొదలుపెట్టవచ్చు.